మూడో గదిలో ఎర్ర చుక్కలు

ఆ అమ్మాయి మొదటిసారి మా కాలేజీ లైబ్రరీకి వచ్చినప్పుడు చేతిలో కొలతల టేపు, భుజాన సంచి, సంచి నిండా అగ్గిపెట్టెలంత తెల్ల డబ్బాలు ఉన్నాయి. వాచ్‌మన్ సంచి తెరిపించి చూశాడు.

"ఏంటమ్మా ఇవి, ఎలుకల మందా?"

"కాదండీ, మ్యాపు."

"మ్యాపంటే గోడకు తగిలించేది. నాకు తెలీదనుకున్నావా?"

"ఇది ఫోన్లో ఉంటుందండీ. ఏ పుస్తకం ఏ గదిలో, ఏ ర్యాక్‌లో ఉందో ఫోనే దారి చూపిస్తుంది. ఈ డబ్బాలు ర్యాకులకు అతికిస్తే, మనిషి ఎక్కడున్నాడో ఫోన్‌కి తెలుస్తుంది."

"అయితే నడిచేది మాత్రం పిల్లలేనన్నమాట. ఆ కష్టం కూడా ఫోనే పడితే ఇంకా బాగుండేది," అని సంచి తిరిగి ఇచ్చేశాడు.

నేను ఆ లైబ్రరీలో పుస్తకాలు సర్దే మనిషిని. విద్యార్థులు బల్లల మీద వదిలేసినవీ, తిరిగి ఇచ్చినవీ తోపుడుబండిలో వేసుకుని ఎక్కడివక్కడ పెట్టడం నా పని. అంతకుముందు ఆ పని మా ఆయనది. అప్పుడు నేను అదే లైబ్రరీలో ఊడ్చేదాన్ని. ఆయన పోయిన తర్వాత మా వీధి చివర హాల్లో పెట్టిన సాయంత్రం క్లాసుకు వెళ్ళి, యాభై మూడో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం వచ్చిందని తెలిశాక లైబ్రేరియన్ గారు నన్ను పిలిచి ఆ బండి నాకు అప్పగించారు.

కౌంటరు వెనక గోడకు మా ఆయన ఫొటో ఉంది. దాని కింద, 'ముప్పై ఏళ్ళలో ఒక్క పుస్తకాన్నీ దారి తప్పనివ్వని మనిషి' అని ఉంటుంది. లైబ్రేరియన్ గారు రాయించారు. తగిలించిన రోజున నాకు అవి గీతలే. తర్వాత ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి వాక్యం అదే. 'తప్పనివ్వని' దగ్గర మూడుసార్లు ఆగాను.

ఆ అమ్మాయిని మేమంతా మ్యాపమ్మాయి అనేవాళ్ళం. ఆమె నన్ను మొదటిరోజు మేడమ్ అంది. రెండో రోజుకి పెద్దమ్మా అంది. నా ఫోన్లోకి కూడా ఆ మ్యాపు ఎక్కించి, వాడి చూడమంది.

"బాగుంది అనొద్దు పెద్దమ్మా. ఎక్కడ విసుగొస్తే అక్కడ చెప్పండి. మీకు విసుగు రాకపోతే ఎవరికీ రాదు."

"అంటే నేనంత మొద్దునా?"

"అయ్యో, అది కాదు!"

"సరేలే. 'ఎడమకు తిరగండి' అని రాశావు. ర్యాక్‌కి ఎడమా, నాకు ఎడమా? నేను అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి నా ఎడమ మారిపోతుంది కదా."

ఆమె వెంటనే పుస్తకంలో ఏదో రాసుకుంది. మర్నాడు చూస్తే ఎడమా కుడీ పోయాయి. 'కిటికీ వైపు', 'తలుపు వైపు', 'మెట్ల వైపు' అని వచ్చాయి. అంకెలు పెద్దవయ్యాయి. మనిషి ఉన్న చోట నీలి చుక్క ఉంటుంది. ఇనప ర్యాకుల మధ్యకు వెళ్తే ఆ చుక్క తడబడి గోడలోకి దూరేది. అప్పుడు ఆమె స్టూలెక్కి తెల్ల డబ్బాను జానెడు పైకో కిందికో జరిపేది. నేను స్టూలు పట్టుకునేదాన్ని.

అలా పట్టుకున్నప్పుడే ఒకసారి చెప్పింది. "ఇన్నాళ్ళూ ఆఫీసులో వేరేవాళ్ళు గీసినవాటికి రంగులేశాను పెద్దమ్మా. మొదట్నుంచీ చివరిదాకా నా చేతిమీదుగా జరుగుతున్న పని ఇదొక్కటే. ఇది నిలబడకపోతే మళ్ళీ ఫిర్యాదుల ఫోన్లెత్తే సీట్లో కూర్చోబెడతానని మా మేనేజర్ ముందే చెప్పేశాడు. ఈ రంగుల పనికి ముందు మూడేళ్ళు ఎత్తాను ఆ ఫోన్లు. పొద్దుట లేచి మొహం కడుక్కోవాలన్నా భయమేసేది."

కాలేజీ వాళ్ళు పెట్టిన షరతు ఇది. మూడు వారాలు విద్యార్థులు వాడాలి. చివరి శుక్రవారం కమిటీ వచ్చి కూర్చుంటుంది. ఐదుగురు విద్యార్థులకు మనిషికి మూడు చొప్పున పదిహేను పుస్తకాలు చెబుతారు. పన్నెండు దొరికితే మ్యాపు ఉంటుంది. లేకపోతే లేదు.

మొదటి గది, రెండో గది మేమిద్దరం ర్యాక్ ర్యాక్ చూసుకున్నాం. జాబితాలో ఉన్న పుస్తకం ర్యాక్‌లో ఉందో లేదో నేను చదివి చెబితే ఆమె టిక్కు పెట్టుకునేది. మూడో గది దగ్గరకు వచ్చేసరికి లైబ్రేరియన్ గారు ఆపేశారు.

"ఆ గదికి తనిఖీ అక్కర్లేదమ్మా. పాత జాబితా ఉన్నదున్నట్టు ఎక్కించుకో. అది ఈవిడ భర్త చూసుకున్న గది. దాన్ని తనిఖీ చేస్తే ఆయన్ని అనుమానించినట్టే." నా వైపు తిరిగి, "ఏమంటారు?" అన్నారు.

నేను తల ఊపాను.

ఆఖరి రెండేళ్ళు మా ఆయనకు కళ్ళు కనపడలేదు. ఈ సంగతి ఆయనకూ నాకూ కంటి డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎదుటి మనిషి మొహం మధ్యలో మసక మచ్చ ఉందని మొదట అన్నాడు. ఆ మచ్చ పెరిగి మొహాన్ని మింగేసింది. గదులు, మెట్లు, ర్యాకులు ఆయన చేతులకు తెలుసు కాబట్టి నడవగలిగేవాడు. చదవడం మాత్రం పోయింది. పుస్తకాలు సర్దేవాడికి చూపు లేదంటే ఎవరుంచుకుంటారు, నోరు మూసుకో అన్నాడు. మూసుకున్నాను.

పొద్దున్నే, లైబ్రరీ తెరవక ముందు, ఊడవడానికి నాకు తాళాలిచ్చేవారు. ఆయన నాతో వచ్చేవాడు. మూడో గదిలో ఉన్నవన్నీ పాత పుస్తకాలు. అట్టలు చిరిగితే బైండింగుకు పంపి, ఏ విషయానికి ఆ రంగు గుడ్డ వేయించేవారు. చరిత్రకు ఎరుపు. మొక్కలు, సేద్యానికి ఆకుపచ్చ, అవి ఆరో ర్యాక్. ఆనకట్టలు, కాలువలు, వంతెనలకు నీలం, అవి కిటికీ పక్కన పదకొండో ర్యాక్. ఆయనకు చూపు లేదు, నాకు చదువు లేదు. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేసేవాళ్ళం.

"రంగు చెప్పవే."

"నీలం."

"పదకొండు. పొడుగెంత?"

"జానెడున్నర."

"పైనుంచి రెండో వరస."

అంతే. మిగతా గదుల్లో పని తోటివాళ్ళు చేసేవారు, ఈ గది మాది. అలా రెండేళ్ళు ఒక్క మాటా పడలేదు.

ఆఖరి ఏడాది వానల్లో బైండింగ్ షాపు నుంచి పెద్ద కట్ట వచ్చింది. లైబ్రేరియన్ గారు నంబరు చీటీలు అంటించి మాకు పంపారు. నూట ముప్పై నాలుగు పుస్తకాలు.

"రంగు చెప్పవే."

"ఆకుపచ్చ."

"అన్నీనా?"

"అన్నీ ఆకుపచ్చే."

ఆయన ఒక పుస్తకం అట్టను చేత్తో నిమురుతూ, "ఈ మధ్య మన పిల్లలకు మొక్కల మీద ప్రేమ ఎక్కువైనట్టుందే, తెగ చింపుతున్నారు," అని నవ్వాడు. నేనూ నవ్వాను. అన్నీ ఆరో ర్యాక్‌లో పెట్టాం. ఆ చలికాలమే ఆయన పోయాడు.

నాకు చదవడం వచ్చి, బండి చేతికొచ్చిన కొత్తలో, ఆరో ర్యాక్ ముందు నిలబడి ఆకుపచ్చ అట్టల మీద పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. 'వంతెనలు కట్టే పద్ధతులు.' మళ్ళీ చదివాను. పక్కది, 'నదుల వరదలు'. దాని పక్కది ఏదో ఆనకట్ట గురించి. ఆ పుస్తకాన్ని ఎక్కణ్ణుంచి తీశానో అక్కడే పెట్టేశాను.

సరైన చోటికి మార్చడం పెద్ద పనేం కాదు. కానీ ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి. ఇన్ని ఎందుకు మారుస్తున్నావని అడిగితే ఫొటో కింద మాట నిలవదు. ఆ గదికి వచ్చేవాళ్ళు తక్కువ. ఎవరైనా వెతికి లేదంటే, "ఎవరో తీసుకెళ్ళుంటారు బాబూ, వచ్చేవారం చూడు," అనేదాన్ని. నాలుగేళ్ళు అలాగే అన్నాను. వచ్చేవారం చూసినవాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ మాట చెల్లలేదు. మ్యాపు చివర రెండు బొత్తాలు పెట్టింది ఆ అమ్మాయి, 'దొరికింది', 'దొరకలేదు' అని. దొరకలేదు అని నొక్కితే ఆ చోట ఆమె కంప్యూటర్లో ఎర్ర చుక్క పడుతుంది. రెండో వారానికి మొదటి రెండు గదుల్లో ఎర్ర చుక్కలు పట్టుమని పది లేవు. మూడో గదిలో పదకొండో ర్యాక్ దగ్గర మాత్రం తట్టు పోసినట్టు పడ్డాయి.

లైబ్రేరియన్ గారు ఆ తెర చూసి కళ్ళద్దాలు తీశారు. "ఆ గదిలో పుస్తకం తప్పే ప్రసక్తే లేదు. నీ డబ్బాల్లోనే ఏదో తేడా ఉంది, చూసుకో."

ఆమె చూసుకుంది. మూడు రోజులు ఆ గదిలోనే ఉంది. డబ్బాలు మార్చింది, కొత్తవి తెచ్చింది, నేల మీద కూర్చుని టేపుతో మళ్ళీ మళ్ళీ కొలిచింది. కళ్ళ కింద నల్లబడింది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత కూడా తీయకుండా తిరిగి తీసుకెళ్ళేది.

"ఏమ్మా, కొలిచి కొలిచి గదిని అరగదీసేట్టున్నావు," అన్నాడు వాచ్‌మన్, కాస్త నవ్విద్దామని. ఆమె టేపు లాగి మళ్ళీ కొలిచింది.

సోమవారం నేను బండి తోసుకుంటూ వస్తుంటే ఆపింది.

"పెద్దమ్మా, ఒక్క మాట. ఈ గదిలో పుస్తకాలు ఎప్పుడైనా తారుమారయ్యాయా? మీకేమైనా తెలుసా?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. గదిలో ఇంకెవరూ లేరు. ఆరో ర్యాక్ మాకు నాలుగడుగుల దూరంలో ఉంది. చెయ్యెత్తి చూపిస్తే చాలు.

"ఇది మా ఆయన చూసుకున్న గదమ్మా," అన్నాను.

"అవును కదా. సారీ పెద్దమ్మా, అడగకూడదు," అంది ఆమె. నా చెయ్యి పట్టుకుని మరీ అంది.

ఆ తర్వాత ఆమె కంటపడకుండా తిరిగాను. ఆమె మధ్యాహ్నాలు వస్తుందని తెలుసు కాబట్టి మధ్యాహ్నాలు రెండో గదిలో పని పెట్టుకున్నాను. మంగళ, బుధ ఎలా గడిచాయో నాకే తెలియదు. కళ్ళు మూస్తే ఆమె ఫోనెత్తి 'చెప్పండి సార్, మీ ఫిర్యాదు ఏమిటి' అంటున్నట్టు ఉండేది. చివరికి ఒక దారి తోచింది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మ్యాపు పదకొండో ర్యాక్ అంటోంది కదా, ఎవరూ లేని పొద్దుటి పూట పుస్తకాలను నేనే పదకొండో ర్యాక్‌కి చేరుస్తాను. ఆమె మ్యాపు నిలబడుతుంది. ఆయన పేరూ నిలబడుతుంది. ఇంత తేలిక సంగతి నాలుగేళ్ళుగా ఎందుకు తోచలేదో!

గురువారం పొద్దున్నే వెళ్ళి, వాచ్‌మన్ దగ్గర తాళాలు తీసుకుని మొదలుపెట్టాను. మొక్కలవి ఏవో నీళ్ళవి ఏవో రంగుతో తెలియదు, ప్రతి పేరూ చదవాలి. నా చదువు మెల్లగా సాగుతుంది. తొమ్మిదయ్యేసరికి డెబ్భై మాత్రమే అయ్యాయి. ఆ రోజు ఆమె ఆఫీసులో మేనేజరుకు చూపించాలని రాలేదు. శుక్రవారం ఇంకా ముందు వెళ్ళాను. ఆఖరి పుస్తకం పెట్టేసరికి భుజాలు పడిపోయాయి. ఆరో ర్యాక్‌లో ఖాళీ కనపడకుండా మిగిలినవి వదులుగా జరిపాను. కిటికీ పక్కన నీలం అట్టల మధ్య ఆ ఆకుపచ్చ అట్టలు చూసి, 'రంగు చెప్పవే' అన్న మాట చెవిలో వినపడి, గట్టిగా, "నీలమే," అన్నాను. గదిలో ఎవరూ లేరు.

పదకొండింటికి కమిటీ వచ్చింది. వంతెనల పాఠం చెప్పే మేడమ్ పెద్ద కుర్చీలో కూర్చున్నారు. పదిహేను పుస్తకాల చీటీ ఆవిడే రాశారు, ఐదు ఆవిడ పాఠానివే. మ్యాపమ్మాయి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చింది. మొహం తేటగా ఉంది. నన్ను చూసి దూరం నుంచే నవ్వింది. నేనూ నవ్వాను. మా ఇద్దరి నవ్వులూ ఒకటే అనుకున్నాను.

మొదటి పది పుస్తకాలూ టకటకా వచ్చేశాయి. మేడమ్ తల ఊపుతున్నారు. తర్వాత ఒక కుర్రాడు 'వంతెనలు కట్టే పద్ధతులు' కోసం మూడో గదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. అతను కిటికీ వైపు వెళ్ళలేదు. ఫోన్ చూసుకుంటూ నేరుగా ఆరో ర్యాక్ దగ్గరకు వెళ్ళి ఆగాడు. 'మీరు చేరుకున్నారు' అంది ఫోను.

"ఇక్కడ లేదండీ," అన్నాడు.

ఆమె పరుగెత్తుకొచ్చింది. వరసంతా చేత్తో తడిమింది. మొక్కలు, ఎరువులు, తోటలు. పై వరస చూసింది. కింది వరస మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. "మొన్న ఇక్కడే ఉన్నాయి. నేను చూశాను. నా కళ్ళతో నేనే చూశాను." ఆ మాట ఎవరికి చెబుతోందో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

రెండో పుస్తకమూ అంతే. మూడోదీ అంతే. ఐదూ పోయాయి.

లైబ్రేరియన్ గారు లేచి, ఎవరూ అడగకుండానే నేరుగా కిటికీ పక్కకు నడిచి, పదకొండో ర్యాక్‌లోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకం తీసి పైకెత్తి చూపించారు. అట్ట మీది నంబరు చదివారు.

"చూడండి మేడమ్. ఆ మనిషి పోయి ఆరేళ్ళయింది. పుస్తకం ఎక్కడుండాలో అక్కడే ఉంది. దారి తప్పింది మ్యాపు."

ఆమె అప్పుడు నా వైపు చూసింది. నా చేతుల వైపు చూసింది. పాత బైండింగు గుడ్డ రంగు వదులుతుంది, నా అరచేతులు రెండూ ఆకుపచ్చగా ఉన్నాయి. వెనక్కి దాచుకున్నాను. ఆమెకు అర్థమైపోయింది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. నేనైనా చెప్పాలి అనుకున్నాను. ఆమె తల వంచుకుని, "సారీ మేడమ్," అంది. నేను గుమ్మంలోంచి కదల్లేదు.

కమిటీ వెళ్ళిపోయాక డబ్బాలు ఊడదీయడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి స్టూలు పట్టుకున్నాను. పొమ్మంటుందేమో అనుకున్నాను, అనలేదు.

"బుధవారం ఒక అమ్మాయి గులాబీల పుస్తకం వెతుకుతుంటే పక్కన ఆనకట్టల పుస్తకం కనపడింది పెద్దమ్మా. తెరిస్తే లోపల బైండింగ్ ఆయన చీటీ ఉంది. నీలం గుడ్డ అయిపోయింది, ఆకుపచ్చ వేశాను అని. అప్పుడు అర్థమైంది."

"మరి లైబ్రేరియన్ గారికి చెప్పలేదేం?"

"చెబితే ఆ ఫొటో తీసేస్తారు కదా. మీకు తెలిస్తే బాధపడతారు కదా అనుకున్నాను. అందుకే మ్యాపులో చోటు మార్చేశాను. అవి ఎక్కడుంటే అదే సరైన చోటని. నూట ముప్పై నాలుగూ కూర్చుని ఒక్కొక్కటీ మార్చాను." డబ్బా గోటితో గీకి ఊడదీసింది. "మీకు ముందే తెలుసా పెద్దమ్మా?"

"తెలుసు."

"సోమవారం అడిగాను కదా."

"అడిగావు తల్లీ."

ఆమె మిగిలిన డబ్బాలు ఊడదీసింది. తిట్టినా బాగుండేది. స్టూలు మీంచి దిగి, సంచి భుజాన వేసుకుంది. ఆరో ర్యాక్ పైన, గోడవైపు, ఒక డబ్బా చేతికి అందలేదు. "ఉండనీండి, దాని బ్యాటరీ రెండేళ్ళొస్తుంది," అంది. గేటు దగ్గర వాచ్‌మన్ సంచి తెరిపించలేదు. "మళ్ళీ రామ్మా," అన్నాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే లైబ్రేరియన్ గారి గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పాను. కళ్ళ సంగతి, రంగుల సంగతి, పొద్దుట మార్చిన సంగతి, అన్నీ. ఆయన చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేశారు.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం? కమిటీ సంతకాలైపోయాయి."

"ఆ అమ్మాయి ఆఫీసుకు ఒక ఉత్తరం రాయండి సార్. తప్పు తనది కాదని."

"ఏమని రాయను? మా లైబ్రరీలో రెండేళ్ళు చూపులేని మనిషి, చదువురాని మనిషి పుస్తకాలు సర్దారని రాయనా? నన్నేమంటారు? పోయిన మనిషిని ఎందుకు వీధికీడ్చడం? వెళ్ళండి, వెళ్ళి పడుకోండి."

ఉత్తరం నేనే రాశాను. నా చేతిరాతతో, ఒక పేజీ. రాయడానికి రెండు రోజులు పట్టింది. పంపాను. జవాబు రాలేదు. తర్వాత ఒకసారి ధైర్యం చేసి వాళ్ళ ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాను. "చెప్పండి, మీ ఫిర్యాదు ఏమిటి?" అంది అవతలి గొంతు. ఆమె గొంతే. ఏం ఫిర్యాదు చెప్పను? పెట్టేశాను.

ఫొటో అక్కడే ఉంది. రోజూ అద్దం తుడుస్తాను. పుస్తకాలన్నీ సరైన చోట ఉన్నాయి. వంతెనల పుస్తకం కావాలని ఎవరైనా వస్తే కిటికీ పక్కకు తీసుకెళ్ళి చేతికిస్తాను.

నా ఫోన్లో ఆ మ్యాపు ఇంకా ఉంది. మిగతా డబ్బాలు లేవు కాబట్టి ఎక్కడ తిరిగినా చుక్క రాదు. మూడో గదిలో ఆరో ర్యాక్ ముందు నిలబడితే మాత్రం నీలి చుక్క వెలుగుతుంది. నిన్న పొద్దుట పుస్తకాలు సర్దినంతసేపు ఫోన్ పక్కన పెట్టుకుని, ఆ తర్వాత 'వంతెనలు కట్టే పద్ధతులు' అని మెల్లగా రాసి వెతికాను. ఆయనా నేనూ పెట్టిన చోటే చూపించింది. ఆరో ర్యాక్, పైనుంచి రెండో వరస. 'మీరు చేరుకున్నారు' అంది. ఆ వరస మీద చెయ్యి పెట్టాను. అక్కడ ఇప్పుడు కూరగాయల తోటల గురించి ఏదో ఉంది.

కింద రెండు బొత్తాలు వచ్చాయి. కాసేపు చూసి, దొరకలేదు అని నొక్కాను.